ప్రాసెసర్ ఒకటే అయినా ప్రోగ్రామ్ ఎందుకు నడవదు? సీపీ/ఎమ్, డాస్ రోజుల సంగతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: సీపీ/ఎమ్-86, ఎమ్మెస్-డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండూ ఇంటెల్ 8088 ప్రాసెసర్ మీదే నడుస్తాయి కదా, మరి దాని ప్రోగ్రామ్ దీంట్లో ఎందుకు నడవదు? అప్పట్లో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొత్తం ప్రోగ్రామ్ మళ్లీ మొదటినుంచి రాసేవారా? మీరు బీటెక్ రెండో ఏడాది అన్నారు, పాత పీసీని అనుకరించే ఎమ్యులేటర్ ఉందన్నారు, సీపీ/ఎమ్-86 ప్రోగ్రామ్‌ని డాస్‌లో నడిపితే అది బిగుసుకుపోయిందన్నారు. కాబట్టి కాస్త లోతుగానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ప్రోగ్రామ్ నడవకపోవడానికి కారణం ప్రాసెసర్ కాదు. "ఈ ఫైలు తెరువు", "ఈ అక్షరం చూపించు" అని ప్రోగ్రామ్ సిస్టమ్‌ని అడగాలి. ఆ అడిగే తలుపు ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోచోట ఉంటుంది. దానికోసం ప్రోగ్రామ్ అంతా తిరగరాసేవాళ్లం కాదు. నా అనుభవంలో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం కొన్ని రోజుల పని. నెలలు తినేసినవి స్క్రీనూ ఫ్లాపీలూ. కాలేజీలో ఇది తలకిందులుగా చెబుతారు. అసలు గోడ ఆపరేటింగ్ సిస్టమేనని అంటారు. అది అన్నిటికంటే పల్చటి గోడ.

నేను 1985లో హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో చేరాను. మొత్తం ఐదుగురం. జెడ్-80 ప్రాసెసరు, 64 కెబి మెమరీ, రెండేసి ఫ్లాపీ డ్రైవులు ఉన్న సీపీ/ఎమ్ యంత్రాలు రెండు ఉండేవి. ఏడాది తిరక్కుండానే కస్టమర్లు "మాకు పీసీయే కావాలి" అనడం మొదలుపెట్టారు. నా మొదటి రెండేళ్లలో కొత్తగా రాసింది తక్కువ, ఉన్నవాటిని అక్కణ్ణుంచి ఇక్కడికి మోసిందే ఎక్కువ.

ఆ తలుపులు ఎక్కడున్నాయంటే

సీపీ/ఎమ్‌ని గ్యారీ కిల్డాల్ 1974లో ఇంటెల్ 8080 కోసం రాశాడు. అందులో ప్రతి ప్రోగ్రామూ మెమరీలో హెక్సా (పదహారు అంకెల లెక్క) 0100 చిరునామా దగ్గర లోడ్ అవుతుంది. సిస్టమ్‌తో పని పడితే సీ రిజిస్టర్లో (రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడి) పని నంబరు, డీఈ రిజిస్టర్లో చిరునామా పెట్టి 0005ని కాల్ చెయ్యాలి. 9వ నంబరు అంటే వాక్యం చూపించు, 10 అంటే ఒక లైను చదువు, 15 అంటే ఫైలు తెరువు. 9వ నంబరుకి వాక్యం ఎక్కడ అయిపోయిందో చెప్పే గుర్తు డాలర్! బిల్లులో డాలర్ గుర్తు వెయ్యాలంటే వేరే దారి వెతుక్కోవాలి. మాకు రూపాయలే కాబట్టి ఆ బాధ లేదు.

8086 కోసం సీపీ/ఎమ్ రావడం ఆలస్యమైంది (8088 దాని తమ్ముడే, రెండిటి ఆదేశాలూ ఒకటే). ఎదురుచూడలేక 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ 86-డాస్ రాశాడు. సీపీ/ఎమ్ ప్రోగ్రాములు సులువుగా దీనిలోకి రావాలన్నది అతని ఉద్దేశం. దాన్ని 1981 జులైలో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఆగస్టు 12న ఐబీఎమ్ పీసీతో పాటు అదే పీసీ-డాస్‌గా వచ్చింది. మైక్రోసాఫ్ట్ తన పేరుతో అమ్మిన ఎమ్మెస్-డాస్ కూడా అదే.

ఇప్పుడు పోలిక చూడండి. డాస్‌లో పని నంబరు ఏహెచ్ రిజిస్టర్లో పెట్టి హెక్సా 21 నంబరు ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి సిస్టమ్‌ని పిలిచే ఆదేశం) ఇస్తారు. తలుపు మారింది, నంబర్లు మాత్రం అవే. 9 అంటే వాక్యం చూపించు, చివర్న అదే డాలర్. 10 అంటే లైను చదువు. 15 అంటే ఫైలు తెరువు. ప్రోగ్రామ్ ముందు డాస్ పెట్టే 256 బైట్ల ముక్కలో కమాండ్ లైను హెక్సా 80 దగ్గర ఉంటుంది, మొదటి ఫైలు పేరు 5సి దగ్గర ఉంటుంది. సీపీ/ఎమ్‌లోనూ సరిగ్గా అక్కడే. ఆ ముక్కలో 5వ బైటు దగ్గర పాత పద్ధతిలో కాల్ చేసేవాళ్లకోసం చిన్న దొడ్డిదారి కూడా ఉంచారు.

సీపీ/ఎమ్-86 కథ ఇంకో రకం. అసలు వారసుడు అదే. కానీ పని నంబరు సీఎల్‌లో, ఇంటరప్ట్ 224. ప్రోగ్రామ్ ఫైలు ముందు 128 బైట్ల హెడర్. డాస్‌కి ఆ హెడరూ తెలియదు, ఆ ఇంటరప్ట్‌కి పలికేవాళ్లూ లేరు. అందుకే మీ ఎమ్యులేటర్‌లో యంత్రం బిగుసుకుపోయింది. ఐబీఎమ్ పీసీకి రెండూ అమ్మారు, పీసీ-డాస్ 40 డాలర్లు, సీపీ/ఎమ్-86 అయితే 240. ఎవరు గెలిచారో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యలో ఒక మాట. విండోస్‌లో "కాన్" అనే పేరుతో ఫోల్డర్ పెట్టలేరు, దాని రహస్యం బిల్ గేట్స్‌కే తెలియదు అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. రహస్యమేమీ లేదు. సీపీ/ఎమ్‌లో కీబోర్డూ స్క్రీనూ కలిపి "కాన్" అనే పరికరం. ఆ పేరు డాస్‌లోకి వచ్చింది, అక్కణ్ణుంచి విండోస్‌లోకి వచ్చింది.

మార్చింది ఎలాగంటే

8080 అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలనే నేరుగా రాసే భాష) లైన్లను 8086 లైన్లుగా మార్చిపెట్టే ట్రాన్స్‌లేటర్లు దొరికేవి. 8086ని ఇంటెల్ చేసిందే అలా మార్చడానికి వీలుగా. పాత హెచ్ఎల్ స్థానంలో బీఎక్స్, డీఈ స్థానంలో డీఎక్స్, బీసీ స్థానంలో సీఎక్స్, ఏ స్థానంలో ఏఎల్. ప్రోగ్రామూ డేటా అంతా ఒకే 64 కెబి సెగ్మెంట్‌లో (8086 మెమరీని చూసే ముక్క) కూర్చుంటే సెగ్మెంట్ల గొడవే ఉండదు. డాస్‌లో కామ్ ఫైలు అంటే అదే, 0100 దగ్గర మొదలు.

కాగితం మీద ఇది గంట పని. మాకు మాత్రం అడ్డొచ్చింది మా సీనియర్ తెలివి. జెడ్-80లో 8080 ఆదేశాలన్నీ ఉన్నాయి, దానికి లేని అదనపు ఆదేశాలూ ఉన్నాయి. మెమరీలో ముక్కకి ముక్క కాపీ చేసేది ఒకటి, బీసీ, డీఈ, హెచ్ఎల్ రిజిస్టర్లని ఒక్క దెబ్బతో రెండో సెట్‌కి మార్చేది ఒకటి. ఆయన వాటిని దాదాపు ప్రతి పేజీలోనూ వాడారు. మా దగ్గరున్న ట్రాన్స్‌లేటర్‌కి అవి అర్థం కాలేదు. ఆ లైన్లన్నీ ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, చేత్తో మార్చాను. అంతా కలిపి నాలుగు రోజులు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు అయిపోయిందని మా బాస్‌కి గర్వంగా చెప్పాను. అసలు కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి.

26వ తేదీ అమ్మకాలు సున్నా

ఇది నా తప్పే. అయినా పాత సిస్టమ్‌ల వాసన కొత్తవాటికి ఎలా అంటుకుంటుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నా దగ్గర లేదు.

గుంటూరులో ఒక పురుగుమందుల డీలరు. రెండు కౌంటర్లు, రెండు పీసీలు. ప్రతి సాయంత్రం రెండో పీసీ ఫైలుని ఫ్లాపీలో తెచ్చి, డాస్ కాపీ కమాండ్‌లో ప్లస్ గుర్తుతో నెల ఫైలుకి అతికించేవాళ్లు. బ్యాచ్ ఫైలు రాసిచ్చింది నేనే. పాతిక రోజులు చక్కగా నడిచింది. నెలాఖరున చూస్తే 26వ తేదీన రెండో కౌంటర్ అమ్మకాలు సున్నా. ఆ రోజు గుమాస్తా ఎక్కించడం మర్చిపోయాడన్నారు. పాపం, వాడు ఎక్కించాను మొర్రో అన్నాడు. తర్వాతి నెల కూడా 26నే సున్నా. మూడో నెలలో డీలరుగారు గుమాస్తా మీద అనుమానంతో నాకు ఫోన్ చేశారు.

సంగతేమిటంటే, సీపీ/ఎమ్‌కి ఫైలు ఎన్ని బైట్లో తెలియదు. 128 బైట్ల ముక్కలు ఎన్నో మాత్రమే తెలుసు. టెక్స్ట్ ఫైలు ఆఖరి ముక్కలో సగంలోనే అయిపోతే, "ఇక్కడితో సరి" అని చెప్పడానికి కంట్రోల్-జెడ్ అక్షరం పెట్టేవారు. దాని విలువ హెక్సా 1ఎ, అంటే 26. డాస్ ప్రతి ఫైలు పొడవూ బైట్లలో కచ్చితంగా రాసుకుంటుంది, దానికి ఈ గుర్తు అక్కర్లేదు. కానీ పాత ఫైళ్ల కోసం ఆ ఆచారం ఉంచేశారు. కాపీ కమాండ్ ప్లస్‌తో ఫైళ్లు అతికించేటప్పుడు వాటిని టెక్స్ట్ అనుకుని, 26 కనబడగానే ఆపేస్తుంది.

నేనేమో జాగా మిగులుతుందని తేదీని మూడు బైట్లలో పెట్టాను. రోజు, నెల, సంవత్సరం. రికార్డులో మొదటి బైటు రోజు. 26వ తేదీన ఫైలు తెరవగానే మొదటి బైటే 26. ఇంకేముంది, ఖాళీ ఫైలు అనుకుని వెళ్లిపోయేది. కాపీ అన్న మాట పక్కనే స్లాష్-బి అని రెండు అక్షరాలు చేరిస్తే సరిపోయింది, అప్పుడు 26ని పట్టించుకోకుండా ఫైలు మొత్తం కాపీ చేస్తుంది. గుమాస్తాకి నేనే వెళ్లి సారీ చెప్పాను.

ఇలాంటిదే లైను ముగింపు గొడవ. సీపీ/ఎమ్, డాస్‌లలో లైను చివర రెండు అక్షరాలు, యునిక్స్‌లో ఒకటి, యాపిల్ టూలోనూ పాత మెకింటాష్‌లోనూ ఇంకొకటి. ఇప్పటికీ మీకు గిట్ (ప్రోగ్రామ్‌లో చేసిన మార్పులు దాచిపెట్టే సాధనం) వాడేటప్పుడు తగిలేది అదే.

స్క్రీన్

సీపీ/ఎమ్‌లో స్క్రీన్ అనేది సిస్టమ్ దృష్టిలో కేవలం అక్షరాలు మింగే ఒక టెర్మినల్. కర్సర్‌ని ఐదో వరస పదో గడికి పంపాలంటే ఆ టెర్మినల్ భాషలో చెప్పాలి. మా మొదటి యంత్రానికి ఎస్కేప్, సమాన గుర్తు, తర్వాత 32 కలిపిన వరస, 32 కలిపిన గడి. రెండోదానికి సమాన గుర్తు బదులు వై అక్షరం. వర్డ్‌స్టార్ అనే వర్డ్ ప్రాసెసర్ కొన్నవాళ్లు ముందుగా ఇన్‌స్టాల్ ప్రోగ్రామ్ నడిపి తమ టెర్మినల్ పేరు ఎంచుకోవాల్సి వచ్చేది ఇందుకే. మేమూ అలాగే ఒక చిన్న పట్టిక పెట్టుకున్నాం. అక్కడిదాకా బాగానే ఉంది.

పీసీకి వచ్చాక మూడు దారులు. మొదటిది, అలాంటి ఎస్కేప్ ఆదేశాలని అర్థం చేసుకునేలా డాస్‌తో వచ్చే ఆన్సీ డ్రైవర్. కాన్ఫిగ్ ఫైల్లో దాని లైను ఉండాలి. కస్టమర్ ఎవరో ఇచ్చిన ఫ్లాపీతో బూట్ చేశాడంటే ఆ లైను ఉండదు. "బిల్లు స్క్రీన్ మీద బాణం, బ్రాకెట్, 2జె అని వస్తోందండీ" అని ఫోన్లు. రెండోది, బయోస్‌ని (పీసీ చిప్‌లోనే ఉండే మూల ప్రోగ్రామ్) హెక్సా 10 ఇంటరప్ట్‌తో అడగడం. కచ్చితంగా పనిచేస్తుంది, కానీ నెమ్మది. స్టాకు జాబితా పేజీ మారుస్తుంటే పైనుంచి కిందికి లైన్లు దిగడం కంటికి కనబడేది. మూడోది, స్క్రీన్ మెమరీలోకి నేరుగా రాసెయ్యడం. 80 గడులు, 25 వరసలు, ఒక్కో గడికి అక్షరానికో బైటు, రంగుకో బైటు. మొత్తం 4000 బైట్లు. ఒక్క కాపీ ఆదేశంతో పేజీ టక్కున మారిపోతుంది. కస్టమర్ కళ్లు మెరిసేవి. ఎవరు మాత్రం ఆగుతారు?

ఆగలేదు కాబట్టే వరంగల్‌లో డెమో చెడింది. మా ఆఫీసు పీసీలో కలర్ కార్డు, దాని మెమరీ సెగ్మెంట్ బి800. వాళ్లది మోనో, అంటే ఒకే రంగు కార్డు, దాని సెగ్మెంట్ బి000. ప్రోగ్రామ్ మొదలుపెడితే స్క్రీన్ మీద డాస్ ప్రాంప్ట్ అలాగే కూర్చుంది. ఏం తోచక అలవాటు మీద కీలు కొట్టుకుంటూ పోతే ప్రింటర్ గరగరా బిల్లు కొట్టింది! ప్రోగ్రామ్ భేషుగ్గా నడుస్తోంది, చూపించేది లేని చోట చూపిస్తోంది. హెక్సా 10 ఇంటరప్ట్‌లో 15వ పని ఏ మోడ్‌లో ఉన్నామో చెబుతుంది, 7 వస్తే మోనో. ఆ నాలుగు లైన్లు ముందే రాసి ఉంటే ఒక బస్సు టికెట్ మిగిలేది. ఐబీఎమ్ కలర్ కార్డులో ఇంకో బెడద ఉంది. అది బొమ్మ గీస్తున్న క్షణంలో మెమరీ ముట్టుకుంటే తెర మీద తెల్లని చుక్కలు రాలేవి. వాటిని తప్పించాలంటే 3డిఎ పోర్టు చూస్తూ సందు దొరికినప్పుడే రాయాలి.

ఇది మా ఒక్కళ్ల కథ కాదు. 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ చేసింది ఇదే. అసెంబ్లీలో రాసి, స్క్రీన్ మెమరీలోకి నేరుగా రాసేది. అందుకే వేగం. డెక్ కంపెనీ వాళ్ల రెయిన్‌బో కంప్యూటర్లో కూడా 8088 ఉంది, ఎమ్మెస్-డాస్ ఉంది, అయినా ఐబీఎమ్ పీసీ కోసం చేసిన 1-2-3 అందులో నడవదు. ఫలానా యంత్రం నిజంగా ఐబీఎమ్ కంపాటిబులేనా అని తేల్చడానికి జనం 1-2-3, ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపి చూసేవారు. అంటే "డాస్ ప్రోగ్రామ్" అని మనం అనుకునే వాటిలో చాలా భాగం నిజానికి "ఐబీఎమ్ పీసీ ప్రోగ్రాములు". డాస్ ఉన్నా సరిపోదు, హార్డ్‌వేర్ కూడా అచ్చు అదే కావాలి. మీరు అడిగిన దానికి లోపలి సమాధానం ఇదేనని నా అభిప్రాయం.

ఫ్లాపీలు

ఎనిమిది అంగుళాల ఫ్లాపీ కాలంలో సీపీ/ఎమ్‌కి ఒక ఉమ్మడి ఫార్మాట్ ఉండేది. 77 ట్రాకులు, ట్రాకుకి 26 సెక్టార్లు, సెక్టారుకి 128 బైట్లు. ఐదుంపావు అంగుళాలవి వచ్చాక ఎవరి ఫార్మాట్ వాళ్లదే. డ్రైవులో దూరుతుంది, చదవదు. మా పాత యంత్రాల నుంచి పీసీకి కస్టమర్ డేటా తేవడానికి సీరియల్ కేబులే గతి. మూడు తీగలు, 2, 3 పిన్నులు అడ్డంగా మార్చి టంకం పెట్టుకోవడం. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు ఫైళ్లు పంపడానికి చేసిన కెర్మిట్ ప్రోగ్రామ్ రెండువైపులా నడిపితే తప్పుల్లేకుండా వస్తుంది. కానీ కెర్మిట్‌ని ముందు సీపీ/ఎమ్ యంత్రంలోకి ఎక్కించేదెలా? దాన్ని హెక్స్ టెక్స్ట్‌గా సీరియల్ లైను మీద పంపి, అటువైపు పిప్ కమాండ్‌తో పట్టుకుని, లోడ్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌గా మార్చాం. వేగం 1200 బాడ్ (సెకనుకి సుమారు 120 అక్షరాలు) దాటితే మా పాత యంత్రం అక్షరాలు రాల్చేసేది. ఒక ఫ్లాపీకి అరగంట పైనే. మూడు కప్పుల టీ.

మరి భాషతో ఈ గొడవ తప్పదా?

కొంత తప్పుతుంది. 1983 చివర్లో వచ్చిన టర్బో పాస్కల్ (పాస్కల్ భాష కంపైలర్) ధర 49.95 డాలర్లు, సీపీ/ఎమ్-80, సీపీ/ఎమ్-86, డాస్ మూడింటికీ ఉండేది. లెక్కల భాగం అక్షరం మార్చకుండా వచ్చేసేది. అంతకు ముందే యూసీఎస్‌డీ పాస్కల్ వాళ్లు ఊహాయంత్రం ఒకటి పెట్టి, దాని కోడ్‌ని ప్రతి కంప్యూటర్లోనూ ఇంటర్‌ప్రెటర్‌తో నడిపించారు. మీ జావా వాళ్లు తర్వాత చేసింది అదే. మైక్రోసాఫ్ట్ వాళ్ల స్ప్రెడ్‌షీట్ మల్టీప్లాన్ కూడా అదే దారి, చాలా రకాల యంత్రాల మీదికి చేరింది. వేగంలో 1-2-3 ముందు నిలవలేకపోయింది. అప్పటి 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద ఇంటర్‌ప్రెటర్ అంటే బండికి అదనపు బరువే. కొనేవాడికి తన టేబుల్ మీద ఉన్న ఒక్క యంత్రంలో వేగమే కావాలి. పోర్టబిలిటీ మన సుఖం కోసం, వాడి కోసం కాదు.

యాపిల్ టూ అయితే ప్రాసెసరే వేరు, 6502. బేసిక్‌లో ఫైలు తెరవాలంటే కంట్రోల్-డి అక్షరాన్ని ప్రింట్ చేసి దాని వెనక కమాండ్ ప్రింట్ చెయ్యాలి! దాన్లో జెడ్-80 ఉన్న సాఫ్ట్‌కార్డ్ గుచ్చి సీపీ/ఎమ్ నడుపుకునేవాళ్లు చాలామంది. మైక్రోసాఫ్ట్ 1980లో తెచ్చిన కార్డు అది.

మీ రెండో ప్రశ్నకి "అవును, మొదటినుంచే రాశాం" అనాల్సిన చోటు ఒకటుంది. 1990లో విండోస్ 3.0 వచ్చినప్పుడు. అప్పటిదాకా ప్రోగ్రామే యజమాని, "ఏ కీ కొట్టారు?" అని అదే అడిగేది. ఇక్కడ సిస్టమ్ మెసేజ్‌లు పంపుతుంది, ప్రోగ్రామ్ కాచుకుని కూర్చుని వచ్చినదానికి బదులివ్వాలి. 1984 నుంచి మెకింటాష్ వాళ్లు చేస్తున్నది అదే. మా బిల్లింగ్ ప్రోగ్రామ్‌లో పేరు, చిరునామా, ఫోన్, సరుకు వరసగా అడిగే పద్ధతి అంతా పనికిరాకుండా పోయింది. వాడేవాడు మౌస్‌తో ముందే ఫోన్ గడిలో నొక్కితే? లెక్కల భాగం తప్ప ఏదీ మిగల్లేదు.

మీరు చేసి చూడాలనుకుంటే ఇలా చెయ్యండి. ఒక చిన్న ఫోన్ నంబర్ల పుస్తకం రాయండి. సిస్టమ్‌ని పిలిచేవన్నీ ఒక ఫైల్లో, స్క్రీన్‌వి ఇంకో ఫైల్లో, మిగతా తర్కం మూడో ఫైల్లో. ముందు సీపీ/ఎమ్-86, తర్వాత డాస్. మొదటి ఫైల్లో మార్చాల్సిన లైన్లు ఎన్నో లెక్కపెట్టండి, రెండో ఫైల్లో ఎన్నో కూడా. ఎమ్యులేటర్ సెట్టింగ్‌లో మోనో కార్డు పెట్టి కూడా ఒకసారి నడపండి. ఏమైనా బిగుసుకుపోతే ఆ లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తాను.